అంబాసిడర్‌కి అల్యూమినియం రేడియేటర్ వేశాక హీట్ ఎక్కుతోంది, ఇన్‌లెట్ అవుట్‌లెట్ ఒకే వైపు ఉండటం వల్లనా?

పేట_అంబీ:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. మా నాన్నగారి 1986 మోడల్ అంబాసిడర్ ఇంకా మా దగ్గరే ఉంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, బోరింగ్ చేయించి నాలుగేళ్లయింది, ఏ గొడవా లేదు. పాత రేడియేటర్ కింది డబ్బా దగ్గర చెమ్మ కారుతుంటే మార్చిలో షాపుకు తీసుకెళ్లాను. "ఇత్తడివి ఇంకా ఎవరు వాడుతున్నారండీ, అల్యూమినియం వేసేద్దాం" అన్నాడు షాపతను. సరే అన్నాను. అక్కడే మొదలైంది.

పాతదానికి పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, మధ్యలో గొట్టాలు నిలువుగా ఉండేవి. కొత్తది ఏదో వేరే కారుది. డబ్బాలు రెండు పక్కలా ఉన్నాయి, గొట్టాలు అడ్డంగా పోతాయి. దానికి ఇన్‌లెట్ క్లీనర్ వైపు పైన, అవుట్‌లెట్ డ్రైవర్ వైపు కింద ఉండేవి. హోస్ అటునుంచి ఇంజిన్ నీళ్ల పంపు దాకా లాగితే కొత్త ఎలక్ట్రిక్ ఫ్యాన్ మోటారుకు తగులుతుందని ఆ డ్రైవర్ వైపు నోరు మూసేసి, క్లీనర్ వైపు డబ్బాకే కింద ఒక పైపు వెల్డింగ్ చేశాడు. అంటే ఇప్పుడు రెండూ ఒకే డబ్బాకి ఉన్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఇంజిన్‌తో తిరిగే పాత ఫ్యాన్ తీసేశాడు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ స్విచ్‌కి డ్రైవర్ వైపు డబ్బాకి ముందే కన్నం ఉందని అక్కడే బిగించాడు.

ఇప్పుడు ఊళ్లో పది నిమిషాలు తిరిగితే టెంపరేచర్ ముల్లు హెచ్ (హాట్) దగ్గరికి పోతోంది. మొన్న విజయవాడ వెళ్తుంటే కాజ టోల్ గేట్ దగ్గర క్యూలో ఆగగానే మూత దగ్గర బుసబుసమని ఆవిరి. ముల్లు అంత పైకి పోయినా ఫ్యాన్ తిరగలేదు. ఎలక్ట్రీషియన్ డైరెక్ట్ వైరు ఇస్తే తిరుగుతోంది, అయినా ఇరవై నిమిషాలకు మళ్లీ అదే కథ. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) కొత్తది, వేడినీళ్లలో వేసి చూశాను, తెరుచుకుంటోంది. ఆయిల్ తెల్లబడలేదు, నీళ్లలో బుడగలు రావట్లేదు, కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం హెడ్‌కీ, కింది భాగం బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోవడం కాదనుకుంటున్నా. షాపతనేమో "ఎండలు అలా ఉన్నాయి సార్" అంటున్నాడు.

ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఒకే వైపు ఉంటే ఇంజిన్ చల్లబడదని ఒకరు, కొత్త కార్లు చాలావాటికి అలాగే ఉంటాయని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? జూన్‌లో మా చెల్లి పెళ్లి. పెళ్లికూతురు ఈ బండిలోనే మండపానికి రావాలని నాన్నగారి పట్టు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఎర్రబండి_800:

బ్రో, సింపుల్. థర్మోస్టాట్ పీకి పారెయ్. మన ఎండలకు అదెందుకు? నా మారుతీకి తీసి మూడేళ్లయింది, ముల్లు సగం కూడా దాటదు.

పాత_మేస్త్రి:

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు చేసి రిటైరైన మెకానిక్‌ని. ఫోన్లో మాట్లాడితే అదే అక్షరాలు పడేటట్టు మా మనవడు పెట్టిచ్చాడు, తప్పులు పడితే సర్దుకోండి.

ముందు ఎర్రబండి అబ్బాయికి ఒక మాట. థర్మోస్టాట్ తీసేస్తే ముల్లు దిగుతుంది, నిజమే. కానీ ఇంజిన్ సరిగా వేడెక్కక ఆయిల్ చిక్కగా ఉండిపోతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ త్వరగా అరుగుతుంది. పంపుకి ఎదురు తగ్గిపోయి బ్లాకులో ఒత్తిడి కూడా తగ్గుతుంది, అప్పుడు హెడ్‌లో వాల్వుల దగ్గర ఆవిరి బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. ముల్లు చూపించేది అది బిగించిన చోటి వేడి ఒక్కటే. పైగా ఈ పేట బాబు జబ్బు అది కాదు.

పేట బాబూ, నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివించుకున్నాను. అందులో అసలు విషయం నువ్వే చెప్పేశావు, గమనించలేదు. ముల్లు హెచ్ దగ్గరున్నా ఫ్యాన్ తిరగలేదన్నావు. ఫ్యాన్ బాగానే ఉంది. మరి స్విచ్ ఎందుకు పడలేదు? స్విచ్ డ్రైవర్ వైపు డబ్బాలో ఉంది, ఆ డబ్బాకి వేడినీళ్లు చేరట్లేదు. అంతే అయ్యుంటుంది.

మన పల్నాడు వాడివి కాబట్టి పొలం లెక్కలో చెప్తాను. బోదె నుంచి మడికి నీళ్లు పెట్టావు. ఆ నీళ్లు మడంతా పారి అవతలి గట్టు దగ్గర మురుగుకాలవలోకి దిగాలి. నువ్వు బోదె పక్కనే మురుగుకాలవకి గండి కొట్టావనుకో, నీళ్లు మడిలోకి ఎందుకు పోతాయి? దగ్గర దారి దొరికింది, అటే పోతాయి. అవతలి చివర ఎండిపోతుంది. నీ రేడియేటర్‌లో జరుగుతున్నది అదే. ఇంజిన్ నుంచి పై హోస్‌లో వచ్చిన వేడినీళ్లు క్లీనర్ వైపు డబ్బాలో పడి, ఆ డబ్బాలోనే కిందికి జారి, కింది పైపులోంచి మళ్లీ ఇంజిన్‌కే పోతున్నాయి. అడ్డగొట్టాల్లోకి పోయేది బహు తక్కువ. గాలి తగిలేదేమో గొట్టాలకి.

ఒకే వైపు పెట్టకూడదా అంటే, శుభ్రంగా పెట్టొచ్చు, కంపెనీలే అలా చేసిన రేడియేటర్లు ఉన్నాయి. కాకపోతే వాటికి ఆ డబ్బాలో సగానికి ఒక అడ్డుగోడ ఉంటుంది. నీళ్లు పై సగం గొట్టాల్లో అటు పోయి, అవతలి డబ్బాలో మలుపు తిరిగి, కింది సగం గొట్టాల్లో ఇటు వస్తాయి. మీ షాపతను వెల్డింగ్ చేసింది గోడలేని డబ్బాకి. డబ్బా కోయకుండా లోపల గోడ పెట్టలేం కదా, ఆ పని చేసి ఉండడు.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడు. బండి పూర్తిగా చల్లారాక, రాత్రి నిలిపి పొద్దున్నే అయితే మంచిది, నీళ్లు దించి క్లీనర్ వైపు రెండు హోస్‌లూ ఊడదీయి. సన్నని తీగ ఒకటి కొస వంచి పై నోట్లోంచి దించు. కింది నోట్లో కనబడిందా, గోడ లేనట్టే. ఆ తర్వాత బండి వేడెక్కించి పై హోస్, కింది హోస్, డ్రైవర్ వైపు డబ్బా, మూడు చోట్ల వేడి కొలువు. వేడిని కొలిచే ఆ గన్ ఉంటే, మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొట్టొద్దు, తక్కువ చూపించి మోసం చేస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టు.

ఇంకో సంగతి. కొత్త రేడియేటర్ పై అంచు ఇంజిన్ మీది థర్మోస్టాట్ గిన్నె కంటే కిందికి ఉందా, పైకా? మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల గొట్టం ఉంటుంది, దాంతో చూసి చెప్పు. అది తేలితే రెండో జబ్బు కూడా దొరుకుతుందని నా అనుమానం.

పేట_అంబీ:

మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. తీగ పై నోట్లో పెడితే సూటిగా కింది నోట్లోంచి బయటికొచ్చింది. చూసి మా నాన్నగారు నవ్వారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

టేపు అంటించాక కొలతలు ఇవి, ముల్లు ముప్పావు వంతు దాటినప్పుడు: పై హోస్ 97, కింది హోస్ 93, డ్రైవర్ వైపు డబ్బా 58. అదే డబ్బా టేపు లేకుండా కొడితే 41 చూపించింది!

మట్టం గొట్టంతో చూస్తే రేడియేటర్ పై అంచు థర్మోస్టాట్ గిన్నె కంటే నాలుగు సెంటీమీటర్లు కిందికుంది. పాతది ఇంజిన్ కంటే ఎత్తుగా ఉండేదని నాన్నగారు అంటున్నారు.

ఒక సందేహం. చల్లని నీళ్లు బరువు కదా, వేడినీళ్లు పైకి తేలతాయి కదా. అందుకేనా ఎప్పుడూ ఇన్‌లెట్ పైన, అవుట్‌లెట్ కింద పెడతారు? తిప్పి పెడితే ఏమవుతుంది?

డెట్రాయిట్_తెలుగు:

ఇక్కడ కార్ల కూలింగ్ విభాగంలోనే పనిచేస్తాను, సందేహానికి నేను చెప్తాను. మేస్త్రీ గారి రోగనిర్ధారణకి మాత్రం వంక పెట్టడానికేమీ లేదు.

వేడినీళ్లు తేలిక, చల్లనివి బరువు అన్నది నిజమే. ఆ తేడా మీదే ఇంజిన్‌ని చల్లబరిచిన కార్లు ఉన్నాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ మొదటి రెండున్నర వేల బళ్లకు పంపు పెట్టి, తర్వాత తీసేశారు. ఇంజిన్‌లో వేడెక్కిన నీళ్లు తమంతట తామే రేడియేటర్ పైకి ఎక్కి, చల్లారి కిందికి దిగేవి. అలాంటి బండికి ఇన్‌లెట్ పైనే ఉండాలి, వేరే దారి లేదు.

పంపు ఉన్న బండికి ఆ బలం లెక్కలోకి రాదు. 80 డిగ్రీల నీళ్లకీ 90 డిగ్రీల నీళ్లకీ బరువులో తేడా వందకి ముప్పాతిక కూడా ఉండదు. అర మీటరు ఎత్తు రేడియేటర్‌లో ఆ తేడా ఇచ్చే తోపు మూడున్నర మిల్లీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. చిన్న పంపు కూడా మీటర్లలో తోస్తుంది. ఇక రేడియేటర్‌లో నీళ్లు చల్లబడేది మామూలుగా ఐదు నుంచి పది డిగ్రీలే. అంటే రేడియేటర్ గొట్టాల జాలీ అంతా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. కాబట్టి కిందినుంచి ఎక్కించి పైనుంచి తీసినా, గొట్టాలన్నిటికీ నీళ్లు సమంగా అందితే, గాలికి పోయే వేడిలో పెద్ద తేడా రాదు.

అయినా పైన ఇన్‌లెట్ ఎందుకంటే గాలి బుడగల కోసం. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది. అవుట్‌లెట్ పైన పెడితే ఆ బుడగలన్నీ నేరుగా పంపు నోట్లోకి పోతాయి, గాలి మింగిన పంపు నీళ్లు తోయలేదు. అవుట్‌లెట్ అట్టడుగున ఉంటే నీళ్లు కాస్త తగ్గినా పంపుకి అందుతూనే ఉంటాయి.

షాపతను ఎండ అన్నాడుగా, అందులోనూ కొంచెం నిజం ఉంది. నీళ్లు 90, గాలి 20 ఉంటే మధ్యలో 70 డిగ్రీల తేడా. మేలో మీ దగ్గర గాలి 43 అనుకుంటే తేడా 47. అదే రేడియేటర్ మూడింట ఒక వంతు తక్కువ వేడిని వదులుతుంది. చలికాలంలో దాక్కున్న తప్పు మేలో బయటపడేది ఇందుకే.

మీరు డబ్బా కోయించి మధ్యలో గోడ వెల్డింగ్ చేయించుకోవచ్చు. కాకపోతే అప్పుడు నీళ్లు సగం గొట్టాల్లోంచి రెండింతల దూరం రెండింతల వేగంతో పోవాలి. పంపుకి పడే ఎదురు ఏడెనిమిది రెట్లవుతుంది. బలమైన పంపుంటే వేగం వల్ల కొంత లాభం. 1986 నాటి పంపుకి నేనైతే ఆ పని పెట్టను.

సందర్భం కాకపోయినా చెప్పాలనిపించింది. 1992లో షెవర్లే కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో వచ్చిన ఎల్‌టీ1 ఇంజిన్‌లో చల్లని నీళ్లు ముందు హెడ్‌కి, తర్వాత బ్లాకుకి పోయేటట్టు దారి తిప్పేశారు. ఆవిరి పోవడానికి వేరే గొట్టాలు పెట్టాకే అది కుదిరింది. దారి ఎటు తిప్పినా గాలికి దారి చూపించక తప్పలేదు.

పాత_మేస్త్రి:

డెట్రాయిట్ బాబు లెక్కలు చదివి వినిపిస్తే మా ఇంటావిడ కూడా కూర్చుని వింది. మూడున్నర మిల్లీమీటర్లట! మేం బస్సు ఆపాక ఇంజిన్ రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమనేది అందుకే. పంపు ఆగాక నీళ్లు తమంతట తాము తిరిగేది నామమాత్రం.

పేట బాబూ, ఇక చేయించాల్సిన పని. గోడ జోలికి పోవద్దు. డ్రైవర్ వైపు మూసేసిన నోరు తెరిపించు, క్లీనర్ వైపు వెల్డింగ్ చేసిన కింది నోరు మూయించు. కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, ఆ రేడియేటర్ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా చేయిస్తున్నాం, అంతే. హోస్ ఫ్యాన్‌కి తగులుతుందన్న గొడవకి, అంత పొడుగు రబ్బరు హోస్ లాగొద్దు. ఇనప పైపు ఒకటి కొలత ప్రకారం వంచి రేడియేటర్ కిందుగా ఇవతలికి తెచ్చి, బాడీకి క్లాంపు వేసి, రెండు కొసలా పొట్టి హోస్ ముక్కలు తొడుగు. పైపు కొసల్లో గట్టు ఉండాలి, లేకపోతే క్లిప్పు బిగించినా జారుతుంది. పంపు వైపు ముక్కలో స్ప్రింగు వేయించు. అది పంపు పీల్చుకునే వైపు. స్ప్రింగు లేని మెత్తటి హోస్ స్పీడులో చప్పిడి పడిపోతుంది. ఆపి చూస్తే మామూలుగానే ఉంటుంది, జబ్బు దొరకదు. ఒక బస్సుకి ఇదే తెలియక నేను రెండుసార్లు రేడియేటర్ దించాను.

ఫ్యాన్ స్విచ్ ఉన్న చోటే ఉంచు. నీళ్లు చల్లారి బయటికి పోయే డబ్బా ఇప్పుడు అదే అవుతుంది, స్విచ్ ఉండాల్సింది అక్కడే.

రెండో జబ్బు ఎత్తు. పాత రేడియేటర్ ఇంజిన్ కంటే ఎత్తు కాబట్టి గాలంతా పై డబ్బాలోకి చేరి మూత దగ్గర నిలిచేది. ఇప్పుడు అన్నిటికంటే ఎత్తైన చోటు నీ థర్మోస్టాట్ గిన్నె. గాలి అక్కడ కట్టేసుకుంటుంది. మూత తీసి నిండుగా కనబడింది కదా అనుకుంటావు, హెడ్‌లో నీళ్లే ఉండవు. దీనికి ఇంజిన్ కంటే ఎత్తులో, బాడీ గోడకి ఒక చిన్న డబ్బా పెట్టించు, లీటరున్నర పట్టేది చాలు. థర్మోస్టాట్ గిన్నె నుంచి ఒక సన్న గొట్టం, రేడియేటర్ పై మూల నుంచి ఒక సన్న గొట్టం ఆ డబ్బా పై భాగంలోకి రావాలి. డబ్బా అడుగునుంచి కాస్త లావు గొట్టం కింది హోస్‌లోకి, పంపుకి ముందు కలవాలి. ఒత్తిడి మూత ఈ డబ్బాకే ఉండాలి, రేడియేటర్ మీది దానికి స్ప్రింగు లేని మూత వేసి మూసేయి. థర్మోస్టాట్ రేకుకి మూడు మిల్లీమీటర్ల కన్నం వేసి, ఆ కన్నం పైకి వచ్చేటట్టు బిగించు. నీళ్లు పోసేటప్పుడు గాలి అందులోంచి పోతుంది.

మూత మీద ఎంత రాసుందో కూడా చూడు. ఆ కాలం ఇంజిన్‌కి 7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత చాలు, అందులో నీళ్లు 111 డిగ్రీల దాకా మరగవు. కొత్త కార్ల మూత 16 దాకా ఉంటుంది. అది వేస్తే నీళ్లు ఇంకా ఆలస్యంగా మరుగుతాయి, నిజమే, కానీ నీ పాత పంపు సీలూ హీటరు హోస్‌లూ ఆ ఒత్తిడి కోసం పుట్టినవి కావు.

బోరు నీళ్లు పోయొద్దు. మీ వైపు నీళ్లు కాచిన గిన్నెకి అడుగున తెల్లగా పట్టేదే గొట్టాల్లోనూ పడుతుంది. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలుపు.

అన్నట్టు, పాత రేడియేటర్ ఏదీ?

పేట_అంబీ:

పదిరోజులు కనబడనందుకు క్షమించండి, పెళ్లి పనులు.

వేరే షాపులో చేయించాను. పైపు వంచడానికి ఒక పూట, డబ్బాకి ఒక పూట పట్టింది. మూత చూస్తే నిజంగానే 16 ఉంది, మార్చేశాను. నీళ్లు పోసి, బండి ముక్కు జాకీ మీద లేపి, మూత తీసి ఉంచి ఐడిల్‌లో నడిపాం. సన్న గొట్టంలోంచి పావుగంట సేపు బుడగలు వస్తూనే ఉన్నాయి, ఆ తర్వాత లీటరుకు పైగా నీళ్లు అదనంగా పట్టాయి. అంత ఖాళీతో ఇన్నాళ్లూ తిప్పానా అనిపించింది.

కొలతలు, మధ్యాహ్నం రెండింటికి, అదే నల్ల టేపు మీద: పై హోస్ 89, డ్రైవర్ వైపు డబ్బా 82, కింది హోస్ 81. ఫ్యాన్ దానంతటదే పడుతోంది, దానంతటదే ఆగుతోంది. నిన్న నాన్నగారిని ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కాను. ముల్లు సగం మీద ఒక గీత దాటింది, పైన ఆపాక దిగింది.

పాత రేడియేటర్ షాపతనే ఉంచుకున్నాడు మేస్త్రీ గారూ. తుక్కు కింద బిల్లులో 1500 తగ్గించాడు.

పాత_మేస్త్రి:

1500కా! రాగీ ఇత్తడీ కలిసి ఏడెనిమిది కిలోలు ఉంటుంది అది. పైడబ్బా ఊడదీసి గొట్టాల్లో రాడ్ కొట్టించి, కారే చోట టంకం పెట్టిస్తే నీకు ఈ పైపులూ డబ్బాలూ ఏవీ అక్కర్లేకపోను. వెళ్లి అడుగు. 1500 తిరిగి ఇచ్చి తెచ్చుకో, ఇంకో అయిదొందలు అడిగినా ఇవ్వు.

పేట_అంబీ:

ఇప్పుడే ఫోన్ చేశాను. ఇంకా అమ్మలేదట, షెడ్డు వెనకాల ఉందట. 2500 అంటున్నాడు. నాన్నగారు చెప్పులేసుకుంటున్నారు, వెళ్తున్నాం.